రీకాల్ అయిన మాంసం: పొయ్యి మీదికా, చెత్తబుట్టలోకా?

ఆహారం, ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు
(జవాబులు రాస్తున్నది ఆహార పరీక్షల ల్యాబ్‌లో 26 ఏళ్లు మైక్రోబయాలజిస్టుగా పనిచేసి రిటైరైన మన శీర్షిక నిర్వాహకురాలు)

ప్రశ్న: అమ్మా, నమస్తే. పది రోజుల క్రితం నాలుగు ప్యాకెట్ల ఫ్రోజెన్ కీమా కొన్నాం. ఒక్కోటి అరకిలో. ఆదివారం ఒక ప్యాకెట్ వండుకుని అందరం తిన్నాం. మంగళవారం సాయంత్రం ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ బ్యాచ్‌లో ఈ.కోలై అనే క్రిమి దొరికిందట, రీకాల్ చేస్తున్నారట, అంటే అమ్మిన సరుకు వెనక్కి పిలుస్తున్నారట, ఎవరూ తినవద్దట. మిగిలిన మూడు ప్యాకెట్లు ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. మా అత్తయ్య, "నిప్పు మీద గంటసేపు ఉడికాక ఏ పురుగు బతుకుతుంది? కిలోన్నర మాంసం పారేస్తారా ఎవరైనా?" అంటున్నారు. మావారు కుక్కర్‌లో ఇంకో నాలుగు విజిల్స్ ఎక్కువ రానిస్తే సరిపోతుందంటున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. మూడేళ్ల పాప ఉంది, ఆదివారం అదీ తిన్నది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వండాలా, పారేయాలా? తిన్నదాని సంగతేమిటి?
— ఓ పాఠకురాలు (పేరు వేయవద్దన్నారు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసిన రోజే నాలుగు ముక్కలు మెయిల్‌లో రాసి పంపాను. పాప హాయిగా ఆడుకుంటోందని మీరు తిరిగి రాసినప్పుడు నా మనసు కుదుటపడింది. ఇదే సందేహం మరికొందరు కూడా అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ముందు పాప గురించి, ఎందుకంటే ప్యాకెట్లు ఫ్రీజర్‌లో ఇంకో రోజు ఆగగలవు. కలుషితమైన మాంసం తిన్న ప్రతివారికీ జబ్బు రాదు. మీరు బాగా ఉడికించి తిన్నారు కాబట్టి ఏమీ కాకపోవడానికే ఎక్కువ అవకాశం. లక్షణాలేవీ లేనప్పుడు ముందుజాగ్రత్త పేరుతో మందులు వేయనక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. రీకాల్‌లో సాధారణంగా వినబడే రకం ఈ.కోలై లోపలికి వెళ్లాక మూడు నాలుగు రోజులకు బయటపడుతుంది. ఒక్కోసారి పది రోజులు కూడా పట్టవచ్చు. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. నీళ్ల విరేచనాలు మొదలై, తర్వాత వాటిలో రక్తం కనబడుతుంది. రక్తం కనబడితే రేపటిదాకా ఆగకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇక్కడ తల్లులు పొరపాటు చేసేది రెండు విషయాల్లో. ఇంట్లో ఉన్న విరేచనాలు ఆపే మాత్ర వేసేస్తారు. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సీసా తీస్తారు. ఈ క్రిమి విషయంలో ఆ రెండూ వద్దు. అవి ఆ క్రిమి వదిలే విషాన్ని లోపలే ఆపేసి, లేదా ఇంకా ఎక్కువగా విడుదలయ్యేట్టు చేసి, కిడ్నీలు దెబ్బతినే ప్రమాదాన్ని పెంచవచ్చు. ఏ మందు కావాలన్నా డాక్టరే చెప్పాలి. ఆయనకు "రీకాల్ అయిన మాంసం తిన్నాం, అందులో ఈ.కోలై ఉందన్నారు" అని మీరే నోరు తెరిచి చెప్పాలి. ఆ మాట చెబితే ఏ పరీక్ష రాయాలో ఆయనకు తెలుస్తుంది. చెప్పకపోతే మామూలు విరేచనాలే అనుకోవచ్చు. విరేచనాలు మొదలై వారం అయ్యాక, అవి తగ్గుముఖం పట్టిన తర్వాత కూడా, పిల్ల పాలిపోయి, నీరసంగా పడుకుని, మూత్రం తగ్గిపోతే నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. కిడ్నీల మీద దెబ్బ పడేది అప్పుడే. ఐదేళ్లలోపు పిల్లలకు ఆ ముప్పు ఎక్కువ.

ఇక ఫ్రీజర్‌లో ఉన్న మూడు ప్యాకెట్ల సంగతి. వండకండి. కొన్నచోట వెనక్కి తీసుకుంటామంటే తిరిగి ఇచ్చేయండి, లేదంటే పారేయండి. విప్పి చూడడం కూడా వద్దు.

మీ అత్తయ్యగారి మాటను కొట్టిపారేయడం లేదు. వేడికి ఈ.కోలై చస్తుంది. ఇలాంటి వేరే క్రిములు సాల్మొనెల్లా, లిస్టీరియా కూడా చస్తాయి. కీమా మధ్యభాగం 71 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు చేరితే చాలు, గంటసేపు కూడా అక్కర్లేదు. కోడి మాంసమైతే 74 డిగ్రీలు. ఆవిడ అనుభవం మీద చెబుతున్న మాట అది, సైన్సూ అదే చెబుతుంది. కానీ ఆ మాట గిన్నె లోపలికి మాత్రమే వర్తిస్తుంది. ప్యాకెట్ ఫ్రీజర్‌లోంచి బయటికి వచ్చి గిన్నెలో పడే దాకా మధ్యలో మీ చేతులున్నాయి, సింకుంది, చాకుంది, ఫ్రిజ్‌లో కింది అర ఉంది, పాప నీళ్ల సీసా ఉంది. నిప్పు వాటి దాకా రాదు.

ఇది నేను చదువుకుని చెబుతున్నది కాదు. మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు ఒక రాత్రి గడ్డకట్టిన మాంసం ప్యాకెట్‌ను మర్నాటికి కరగాలని ఫ్రిజ్‌లో పై అరలో పెట్టాను. కింది అరలో కోసిపెట్టిన పండ్ల ముక్కలు గిన్నెలో ఉన్నాయి, మీద మూత సరిగా లేదు. ప్యాకెట్ మూల ఎక్కడో సన్నగా చిట్లింది. మర్నాడు ఉదయం చూస్తే గాజు అర అంచున లేత గులాబీ రంగు చుక్క ఒకటి వేలాడుతోంది. తుడిచేశాను. కింద గిన్నెలో ఎన్ని చుక్కలు పడ్డాయో చూసుకోవాలన్న ఆలోచన రాలేదు. మధ్యాహ్నం మేం ముగ్గురం మాంసం కూర తిన్నాం. వాడు మాత్రం మాంసం వద్దని మారాం చేసి, ఆ పండ్లు తిని పడుకున్నాడు. రెండో రోజు నుంచి జ్వరం, విరేచనాలు. నేను పనిచేసే ల్యాబ్‌లోనే మలపరీక్ష చేయించాను. సాల్మొనెల్లా. మాంసం తిన్న ముగ్గురిలో ఎవరికీ ఏమీ కాలేదు. తినని వాడే నాలుగు రోజులు మంచం మీద ఉన్నాడు. ఆ ప్యాకెట్ రీకాల్ అయింది కూడా కాదు, మామూలు మాంసమే. తప్పకుండా క్రిమి ఉందని తెలిసిన ప్యాకెట్‌ను ఎవరైనా వంటింట్లో విప్పుతామంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

ఈ.కోలైలో ఓ157 అనే రకం ఇంకా కష్టం. సాల్మొనెల్లాతో జబ్బు పడాలంటే మామూలుగా చాలా క్రిములు లోపలికి వెళ్లాలి. దీనికి వంద కూడా అక్కర్లేదు. వంద క్రిములంటే ఎంత? ఒక్క చుక్కలో లక్షలు పట్టే ప్రాణులవి. కంటికి కనబడని తడి మరక చాలు. 1982లో అమెరికాలోని ఒరెగాన్, మిషిగన్ రాష్ట్రాల్లో బర్గర్లు తిన్నవాళ్లకు రక్త విరేచనాలు పట్టుకున్నప్పుడే ఈ రకం మనుషులకు జబ్బు తెస్తుందని మొదట గుర్తించారు. పదేళ్లు గడిచాక, 1993లో, అదే దేశంలో పడమటి రాష్ట్రాల్లో ఒకే కంపెనీకి చెందిన బర్గర్ హోటళ్లలో తిని 700 మందికి పైగా జబ్బు పడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. వారిలో పదిహేడు నెలల బాబు ఒకడున్నాడు. వాడు ఆ బర్గర్ ముట్టనే లేదు. డేకేర్‌లో జబ్బుపడిన ఇంకో పిల్లవాడి నుంచి అంటుకుంది. ఆ బాబు గురించి చదివినప్పటి నుంచి "బాగా ఉడికిస్తే సరిపోతుంది" అన్న మాట నేను ఎవరికీ అంత తేలిగ్గా చెప్పలేదు.

ఆ సంఘటనలో ఇంకో విషయం ఉంది. బర్గర్‌లో పెట్టే కీమా బిళ్లలను 68 డిగ్రీల దాకా ఉడికించాలని వాషింగ్టన్ రాష్ట్రం అంతకు ముందే నియమం పెట్టింది. ఆ హోటళ్లు దేశమంతటికీ ఉన్న పాత లెక్క, 60 డిగ్రీల దగ్గరే ఆగాయి. వాళ్లకు యంత్రాలున్నాయి, టైమర్లున్నాయి, రోజూ అదే పని. అయినా తప్పు జరిగింది. మన ఇళ్లలో ఎంతమంది దగ్గర మాంసంలోకి గుచ్చే థర్మామీటర్ ఉంది?

"రంగు మారితే ఉడికినట్టే కదా" అని చాలామంది అంటారు. నేనొకసారి ఇంట్లో పరీక్షించి చూశాను, రీకాల్ కాని మామూలు కీమాతోనే. గుండ్రంగా, వేలెడు మందాన అద్ది పెనం మీద వేశాను. పైన ముదురు గోధుమ రంగు వచ్చింది. మధ్యకు విరిస్తే లోపల కూడా గోధుమ రంగే, ఎక్కడా ఎర్రదనం లేదు. కళ్లతో చూసినవారెవరైనా దించేస్తారు. థర్మామీటర్ ముల్లు మధ్యలో గుచ్చితే 61 దగ్గర ఆగింది. ఇంకో పది డిగ్రీలు తక్కువ! ఇది నా పెనం తప్పు కాదు. నాలుగు బర్గర్లలో ఒకటి సరైన వేడికి చేరకముందే రంగు మారుతుందని అమెరికా వ్యవసాయ శాఖ ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉంది. విడివిడిగా పులుసులో మరిగే కీమా వేరు, అది బాగానే ఉడుకుతుంది. కానీ ఇంట్లో ప్రతిసారీ ఒకే పద్ధతిలో వండరు. ఆ ప్యాకెట్ ఇవాళ కాకపోతే ఇంకో రోజు ఇంకెవరి చేతిలోనో పడుతుంది.

కీమా అన్నాను కాబట్టి ఒక మాట. పెద్ద ముక్కలో క్రిములు పై పొర మీదే ఉంటాయి, పెనం తగలగానే అవి పోతాయి. మిషన్‌లో ఆడించగానే ఆ పై పొర లోపలికి కలిసిపోతుంది. పైగా ఒక ప్యాకెట్ కీమాలో ఎన్నో పశువుల మాంసం ఉండొచ్చు, ఒక్కదానికి ఉన్న మురికి అన్నింటికీ అంటుతుంది. ఈ కారణాల వల్లే 1994లో అమెరికా ప్రభుత్వం ఓ157 ఉన్న పచ్చి కీమాను కల్తీ సరుకు కింద లెక్కగట్టి, అమ్మకూడదని తేల్చింది. "వినియోగదారుడే ఉడికించుకుంటాడులే" అన్న వాదనకు అక్కడితో తెరపడింది. ఆ నిర్ణయం సరైనదే అని నా గట్టి అభిప్రాయం.

ల్యాబ్‌లో ఓ157 ఉందో లేదో పరీక్ష చేసేటప్పుడు కీమా నమూనా సంచి విప్పితే మంచి తాజా మాంసం వాసన వచ్చేది. రంగు ఎర్రగా, నిగనిగలాడుతూ ఉండేది. నమూనాను పోషక ద్రవంలో కలిపి రాత్రంతా వెచ్చగా ఉంచి, మర్నాడు క్రిములు పెరిగే పదార్థం పోసిన ప్లేట్ మీద గీసి, ఆ పై రోజు చూసేవాళ్లం. మామూలు ఈ.కోలై అయితే గులాబీ రంగు చుక్కలు వస్తాయి. ఓ157 అయితే రంగు లేకుండా, లేత బూడిద రంగులో, చూడకపోతే తప్పిపోయేట్టు ఉంటాయి. ఆ ప్లేట్‌ను వెలుతురుకు పట్టుకుని చూసిన ప్రతిసారీ, ఆ వాసన గుర్తొచ్చేది. మాంసం పాడవడం వేరు, కలుషితం కావడం వేరు. పాడైంది ముక్కుకు తెలుస్తుంది, కలుషితమైంది తెలియదు. "వాసన బాగానే ఉంది" అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

మూడు ప్యాకెట్లు పారేయాలంటే కడుపు తరుక్కుపోతుంది, నాకు తెలుసు. తిండి పారేయకూడదని పెరిగినవాళ్లం. మీ అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి. వండితే క్రిమి చస్తుందన్నది నిజమేనని ఒప్పుకోండి, వండేలోపు అది పాప చేతికి అంటుతుందని చెప్పండి. ఆవిడకు మనవరాలి కంటే కిలోన్నర మాంసం ఎక్కువ కాదు.

*

ప్రశ్న: ప్రెషర్ కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుందంటారు. ఆసుపత్రుల్లో పరికరాలను శుద్ధి చేసేది కూడా దాదాపు ఆ వేడిలోనే కదా! గ్లవ్స్ వేసుకుని జాగ్రత్తగా కుక్కర్‌లో వేసి అరగంట ఉంచితే ఇంకేం మిగులుతుంది?
— ఓ ఇంజనీరు

జవాబు: బాబూ, మీ లెక్క సరైనదే. కొన్ని క్రిములు గట్టి పెంకు కట్టుకుని మారే మొండి బీజాలు (స్పోర్లు) కూడా 121 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాల్లో చస్తాయి. కానీ రీకాల్‌లన్నీ క్రిముల వల్లే జరగవు.

కొన్ని క్రిములు చచ్చే ముందే విషం వదిలిపెట్టి పోతాయి. స్టెఫైలోకాకస్ అనేది మన చర్మం మీద, ముక్కులో మామూలుగానే ఉండే క్రిమి. మాంసం వెచ్చగా కొన్ని గంటలు ఉండిపోతే అందులో పెరిగి విషం తయారుచేస్తుంది. ఆ విషాన్ని అరగంట మరిగించినా అది పూర్తిగా పోదు. బాసిల్లస్ సెరియస్ అనే ఇంకో క్రిమి వదిలే వాంతుల విషమైతే 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా నిలబడుతుంది. కుక్కర్ దిగాక క్రిమి ఒక్కటీ ఉండదు, విషం అలాగే ఉంటుంది. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు.

2008 డిసెంబరులో ఐర్లండ్‌లో పంది మాంసం దుకాణాల్లో ఉన్నదంతా వెనక్కి పిలిచారు. సెప్టెంబరు 1 నుంచి కోసిన పందుల మాంసం మొత్తం. కారణం డయాక్సిన్లు అనే విష రసాయనాలు. పందుల దాణాను ఆరబెట్టడానికి వాడిన నూనె కలుషితమై, అది దాణాలోకి, దాణా నుంచి కొవ్వులోకి చేరింది. డయాక్సిన్ మీ కుక్కర్‌కు లొంగేది కాదు. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికాలో 14 కోట్ల 30 లక్షల పౌండ్ల గొడ్డు మాంసం రీకాల్ అయింది, అంటే ఆరున్నర కోట్ల కిలోలు. నిలబడలేని పశువులను సరైన పరీక్ష లేకుండా కోశారని. అలాంటి పశువుల విషయంలో భయం పిచ్చి ఆవు జబ్బు గురించి. దానికి కారణమైన ప్రియాన్ అనే వికృత ప్రోటీన్ వంట వేడికి చెక్కుచెదరదు, మామూలు ఆసుపత్రి స్టెరిలైజరుకూ పూర్తిగా లొంగదు.

ఇక ఇనుప ముక్కలు, ప్లాస్టిక్ ముక్కలు పడ్డాయని చేసే రీకాల్స్ ఎన్నో. లేబుల్ మీద రాయని పాలపొడి, వేరుశనగ, సోయా కలిసిందని చేసేవి ఇంకెన్నో. అలర్జీ ఉన్న పిల్లవాడికి ఆ ముక్క ఉడికినా ఒకటే, ఉడకకపోయినా ఒకటే.

అన్నిటికంటే ముఖ్యం, మనకు వచ్చే మెసేజ్‌లో ఒక్క లైను ఉంటుంది. ఆ ఫ్యాక్టరీలో ఏం జరిగిందో దర్యాప్తు ఇంకా నడుస్తూ ఉంటుంది. మొదట ఒక తేదీ సరుకు అంటారు, వారం తర్వాత ఇంకో మూడు తేదీలు కలుపుతారు. అంత తక్కువ సమాచారంతో ఇంట్లో కూర్చుని "ఇది ఉడికితే పోయేదే" అని తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు, నాకూ కాదు.

మీకింకో ప్రశ్న వస్తుంది, నేనే చెప్పేస్తాను. ఫ్యాక్టరీలు అలాంటి మాంసాన్ని వండుకోవచ్చు కదా అని. అవును, అమెరికాలో ఈ.కోలై దొరికిన గొడ్డు మాంసాన్ని ప్రభుత్వ తనిఖీ ఉన్న వంట ఫ్యాక్టరీకి పంపి, అక్కడ వేడిని గ్రాఫ్ మీద నమోదు చేస్తూ ఉడికించే పద్ధతి ఉంది. అక్కడ పచ్చి మాంసం వచ్చే గుమ్మం వేరు, ఉడికింది బయటికెళ్లే గుమ్మం వేరు. మనుషులు వేరు, బూట్లు వేరు. మన వంటింటికి ఒకటే గుమ్మం.

*

ప్రశ్న: మామూలు పచ్చి చికెన్‌లో కూడా సాల్మొనెల్లా ఉండవచ్చని మీరే ఒకసారి రాశారు. దాన్ని వండుకు తినమంటారు, రీకాల్ అయిన దాన్ని పారేయమంటారు. తేడా ఏమిటి?
— ఓ కాలేజీ విద్యార్థిని

జవాబు: చాలా మంచి ప్రశ్న తల్లీ. మామూలు చికెన్‌లో ఉండవచ్చు, ఉండకపోవచ్చు, ఉన్నా తక్కువే కావచ్చు. ఉందనే అనుకుని జాగ్రత్తగా వండుకుంటాం. రీకాల్ అయిన దాంట్లో ఉందని తేలిపోయింది. చాలాసార్లు అప్పటికే కొందరు జబ్బుపడి, ఆ జబ్బుపడిన వాళ్లందరూ ఏం తిన్నారని వెతుక్కుంటూ వెళ్తేనే ఆ ప్యాకెట్ దొరుకుతుంది. అలా జబ్బుపడినవాళ్లలో మనలాగే "బాగా ఉడికించాం" అనుకున్నవాళ్లూ ఉండొచ్చు.

ఉడికిందనుకుని మోసపోయే సరుకు ఇంకోటుంది. పైన పొడి అద్ది, లోపల ఏదో కూరి, ఫ్రీజర్‌లో అమ్మే చికెన్ ముక్కలుంటాయి. పైకి వేయించినట్టే కనబడతాయి, లోపల పచ్చివే. వేడిచేస్తే చాలనుకుని చాలామంది జబ్బుపడ్డారు. వాటిని మైక్రోవేవ్‌లో వేడిచేయకుండా ప్యాకెట్ మీద రాసినట్టు ఓవెన్‌లోనే పూర్తిగా ఉడికించాలి.

*

ప్రశ్న: మేడమ్, నాకు ఐదో నెల. లిస్టీరియా ఉందని రీకాల్ చేసిన సాసేజ్‌లు మూడు వారాల క్రితం తిన్నాను. ఏమీ కాలేదు కాబట్టి ఇక గండం గడిచినట్టేనా?
— ఓ కాబోయే తల్లి

జవాబు: ఇంకా కాదమ్మా. లిస్టీరియా 70 రోజుల దాకా బయటపడకుండా ఉండగలదు. ఇవాళే మీ డాక్టర్‌కు చెప్పండి, కేసు షీటులో రాయించండి. తిన్న తేదీ కూడా చెప్పండి. జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే మామూలు ఫ్లూ అనుకుని ఇంట్లో ఉండిపోవద్దు. గర్భిణులకు జ్వరం కొద్దిగానే ఉండి, లోపల బిడ్డకు ఎక్కువ హాని జరుగుతుంది. ఈ.కోలై గురించి పైన యాంటీబయాటిక్ వద్దన్నాను, లిస్టీరియాకు మాత్రం యాంటీబయాటిక్కే మందు. వేళకు ఇస్తే బిడ్డను కాపాడుకోవచ్చు. కాబట్టి భయపడి దాచుకోకండి.

ఈ క్రిమికి ఇంకో చెడ్డ గుణం ఉంది. మిగతావి ఫ్రిజ్ చల్లదనానికి చాలావరకు ఆగిపోతాయి, ఇది 4 డిగ్రీల దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా తినే మాంసాలతోనే దీని ముప్పు. 2017, 2018లలో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే సాసేజ్ లాంటి మాంసం నుంచి ఇది వెయ్యి మందికి పైగా పాకింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. బాధితుల్లో పుట్టి నెల కూడా నిండని పసిబిడ్డలు చాలామంది. ఏ ఆహారం నుంచి వస్తోందో కనిపెట్టి రీకాల్ చేసేసరికి 2018 మార్చి వచ్చింది.

*

ప్రశ్న: రీకాల్ అయిన మాంసాన్ని పారేసే బదులు బాగా వండి ఆకలితో ఉన్నవాళ్లకు పెట్టవచ్చు కదా? పోనీ, వీధి కుక్కలకు?

జవాబు: 2012లో కెనడాలోని అల్బర్టాలో సరిగ్గా ఇదే మాట వచ్చింది. ఈ.కోలై వల్ల పెద్దఎత్తున గొడ్డు మాంసం రీకాల్ అయి, 18 మంది జబ్బుపడ్డారు. అంత మాంసం గోతుల్లో పూడ్చడం చూసి జనం బాధపడ్డారు. వండి పేదలకు పెట్టవచ్చు కదా అన్న మాటకు అక్కడి ఒక పార్టీ నాయకురాలు వంత పాడారు. పెద్ద దుమారం రేగింది, ఆవిడ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

ఆ ఆలోచన పుట్టింది జాలి నుంచే, కాదనను. కానీ ఆకలితో ఉన్నవాళ్లలో పసిపిల్లలుంటారు, ముసలివాళ్లుంటారు, జబ్బుతో ఉన్నవాళ్లుంటారు. ఈ క్రిములు ఎక్కువగా దెబ్బకొట్టేది వాళ్లనే. జబ్బుచేస్తే మంచి ఆసుపత్రికి వెళ్లే స్తోమత కూడా వాళ్లకే తక్కువ. నా బిడ్డ కంచంలో పెట్టలేనిది ఇంకొకరి బిడ్డ కంచంలో పెట్టను. మీకు దానం చేయాలని ఉంటే, వాపసు వచ్చిన డబ్బుతో మంచి మాంసం కొని వండి పెట్టండి.

కుక్కలకూ వద్దు. సాల్మొనెల్లా ఉన్న మాంసం తిన్న కుక్క పైకి బాగానే ఉండి, రోజుల తరబడి మలంలో క్రిమిని వదులుతూ ఉంటుంది. దాన్ని నిమిరేది పిల్లలే.

*

ప్రశ్న: పారేయడం అంటే ఎలా పారేయాలి? ఫ్రిజ్‌ను ఏం చేయాలి? డబ్బు వాపసు కోసం ప్యాకెట్ దాచాలా?

జవాబు: ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు, తేదీ, ఫ్యాక్టరీ నంబరు మెసేజ్‌లో చెప్పినవేనా అని ముందు సరిచూసుకోండి. కొన్నవెంటనే చిన్న సంచుల్లోకి మార్చి, అసలు కవర్ పారేసి ఉంటే, అదే బ్యాచ్ అనుకుని తీసేయండి. విప్పకుండానే ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముడి వేయండి, దాన్ని ఇంకో సంచిలో పెట్టండి. కుక్కలు, పిల్లులు, చెత్త ఏరుకునేవాళ్లు విప్పకుండా మూత ఉన్న డబ్బాలో వేయండి. సంచి మీద "చెడిపోయిన మాంసం, తినవద్దు" అని రాస్తే ఇంకా మంచిది. చెత్తబండి రావడానికి రోజులు పడుతుందంటే అప్పటిదాకా ఆ సంచి ఫ్రీజర్‌లోనే ఒక మూల ఉంచండి. గడ్డకట్టినంత మాత్రాన క్రిమి చావదు, పెరగకుండా ఆగుతుంది, అంతే.

తర్వాత ఆ ప్యాకెట్ ఆనిన అర, డ్రాయరు, ఫ్రిజ్ హ్యాండిల్ సబ్బు కలిపిన వేడినీళ్లతో కడగండి. అవి ఆరాక, సుమారు నాలుగు లీటర్ల నీళ్లలో ఒక టేబుల్ స్పూన్ వాసనలేని బ్లీచ్ ద్రవం కలిపి తుడిచి, గాలికి ఆరనివ్వండి. ముందు కడగకుండా బ్లీచ్ ఒక్కటే పోస్తే జిడ్డు కింద ఉన్న క్రిమికి అది అందదు. తుడిచిన గుడ్డను వేడినీళ్లలో ఉతకండి, కాగితంతో తుడిస్తే పారేయండి. చేతులు సబ్బుతో 20 సెకన్లు, గోళ్ల సందుల్లో కూడా. ఆ అరలోనే మూత లేకుండా పెట్టిన కోసిన పండ్లు, సలాడ్ ఉంటే వాటినీ తీసేయండి.

డబ్బు వాపసు కోసం మాంసం దాచనక్కర్లేదు. చాలాచోట్ల బిల్లు, లేబుల్ ఫొటో చాలంటారు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. లేబుల్ స్పష్టంగా కనబడేట్టు ఫొటో తీసుకుని ఆ తర్వాతే సంచిలో వేయండి. ప్యాకెట్ పట్టుకున్న చేత్తోనే ఫోన్ పట్టుకుని ఉంటారు కాబట్టి, ఫోన్‌ను కూడా ఒకసారి తుడవండి.